గడప లోపల మొదలైన మాట: తొలినాళ్ల ఇస్లాం వ్యాప్తిలో స్త్రీలు

క్రీ.శ. 610లో మక్కా పక్కనున్న హిరా గుహలో తొలి దైవవాణి విన్నాక ముహమ్మద్ ప్రవక్త వణికిపోతూ నేరుగా ఇంటికి వచ్చారు. "కప్పండి, నాకు దుప్పటి కప్పండి" అన్నారు. వణుకు తగ్గాక భార్య ఖదీజాకు జరిగిందంతా చెప్పి, తనకేమవుతుందోనని భయంగా ఉందన్నారు. ఆమె ఇచ్చిన జవాబు హదీసు గ్రంథాల్లో, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల సంకలనాల్లో ఉంది. దేవుడు మిమ్మల్ని ఎన్నటికీ అవమానాల పాలు చేయడు, మీరు బంధువులను చూసుకుంటారు, బలహీనుల బరువు మోస్తారు, లేనివాళ్లకు సంపాదించి పెడతారు, ఇంటికొచ్చిన అతిథిని ఆదరిస్తారు అన్నారామె. ఆ తర్వాత ఆయనను వెంటబెట్టుకుని, క్రైస్తవ గ్రంథాలు తెలిసిన తన బంధువు వరఖా ఇబ్న్ నౌఫల్ దగ్గరికి తీసుకెళ్లారు.

ఖదీజా జవాబును భర్తను ఓదార్చిన భార్య మాటలుగా మాత్రమే చూస్తే అందులోని అసలు బలం అర్థం కాదు. ఆమె మక్కాలో పేరున్న వర్తకురాలు. సొంత సరుకును మనుషుల చేత షామ్ దేశానికి, అంటే నేటి సిరియా ప్రాంతానికి పంపించి వ్యాపారం చేసేవారు. ఎవరిని నమ్మాలి, ఎవరిని నమ్మకూడదు అన్నది ఆమెకు రోజూ ఉండే పని. ముహమ్మద్‌ను కూడా మొదట తన సరుకుతో షామ్‌కు పంపించి, ఆయన నిజాయితీని చూశాకే పెళ్లి ప్రస్తావన తెచ్చారు. అప్పటికి ఆయన వయసు 25. అంటే గుహ నుంచి వచ్చిన రాత్రి నాటికి ఆమెకు ఆయన పదిహేనేళ్లుగా తెలుసు. అద్భుతాలేవీ చూపమని అడగకుండా, తను కళ్లారా చూసిన నడవడిని సాక్ష్యంగా తీసుకున్నారు. పైగా విషయం తెలిసిన మనిషి అభిప్రాయం కూడా అడిగారు. ఇస్లాంను విన్న, తూచిన, ఒప్పుకున్న మొదటి వ్యక్తి ఆమే.

తొలినాటి ఇస్లాం వ్యాప్తి అనగానే బద్ర్, ఉహుద్ యుద్ధాలు, ఒప్పందాలు, ప్రవక్త తర్వాత పాలించిన ఖలీఫాల దండయాత్రలు గుర్తొస్తాయి. కథను యుద్ధాల దగ్గర మొదలుపెడితే స్త్రీలు గాయాలకు కట్లు కట్టేవాళ్లుగానే కనిపిస్తారు. ఇళ్ల దగ్గర మొదలుపెడితే కథంతా వేరుగా ఉంటుంది. నిజానికి అది మొదలైంది ఇళ్ల దగ్గరే.

అందుకు కారణం మక్కా సమాజం నడిచిన తీరులో ఉంది. అక్కడ రాజు లేడు, కొత్వాలు లేడు. మనిషికి రక్షణ అంటే తన వంశమే. కొత్త మతం పుచ్చుకున్నవాడిని సొంత వంశం వదిలేస్తే అతని ప్రాణానికి దిక్కుండదు. అందుకే మొదటి మూడేళ్లు బోధన బహిరంగంగా జరగలేదు. భర్త నుంచి భార్యకు, అక్క నుంచి తమ్ముడికి, యజమానురాలి నుంచి పనిమనిషికి మాట చాటుగా పాకింది. సంతలోనో కాబా దగ్గరో నిలబడి చెప్పలేని రోజుల్లో స్త్రీలు ఇంటింటికీ వెళ్లి చెప్పగలిగారు. ఉమ్మె షరీక్ అనే ఆమె మక్కాలోని ప్రధాన తెగ ఖురైష్ ఇళ్లలోని ఆడవాళ్లను రహస్యంగా కలిసి బోధించేవారని, సంగతి బయటపడ్డాక మక్కావాళ్లు ఆమెను ఊరి నుంచి వెళ్లగొట్టారని పాత చరిత్రకారులు రాశారు.

తర్వాత రెండో ఖలీఫా అయిన ఉమర్ మతం మారిన కథ చాలామందికి తెలిసిందే. కానీ ఆ కథను ఉమర్ వైపు నుంచే చెబుతారు. ప్రవక్తను చంపుతానని కత్తి పట్టుకుని బయలుదేరిన ఉమర్‌కు దారిలో ఒకరు ఎదురై, ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో, నీ చెల్లెలు, బావ ఇద్దరూ ఆ మతంలో కలిశారన్నారు. ఉమర్ అక్కడికి వెళ్లేసరికి చెల్లెలు ఫాతిమా, ఆమె భర్త సయీద్ కలిసి ఖబ్బాబ్ అనే ప్రవక్త సహచరుడి దగ్గర ఖురాన్‌లోని తాహా సూరా, అంటే ఆ పేరున్న అధ్యాయం నేర్చుకుంటున్నారు. ఖబ్బాబ్ దాక్కున్నారు, ఫాతిమా రాతప్రతిని దాచారు. అన్న కొట్టిన దెబ్బకు ఆమె ముఖాన నెత్తురు కారింది. అప్పుడామె, అవును, మేం విశ్వసించాం, ఏం చేసుకుంటావో చేసుకో అన్నారు. నెత్తురు చూసి ఉమర్ మెత్తబడి, ఆ రాతప్రతి ఇవ్వమన్నారు. ముందు శుభ్రంగా స్నానం చేసి రా, అప్పుడు ముట్టుకో అని షరతు పెట్టారు ఫాతిమా. ఆయన స్నానం చేసి వచ్చి చదివారు.

ఉమర్ మారిన తీరుకు ఇంకో కథనం కూడా ఉంది. అందులో చెల్లెలి ప్రస్తావన లేదు, రాత్రివేళ కాబా దగ్గర ప్రవక్త పారాయణం విని ఆయన మనసు కరిగిందంటారు. రెండు కథనాలనూ తొలి జీవిత చరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాఖ్ పక్కపక్కనే ఇచ్చారు. కానీ ముస్లిం సమాజం తరతరాలుగా గుర్తుపెట్టుకున్నది చెల్లెలి కథనే. ఆ ఇంట్లోని వాతావరణం గమనించదగినది. గురువు ఇంటికే వస్తున్నారు, రాతప్రతి ఉంది, భార్యాభర్తలు కలిసి నేర్చుకుంటున్నారు. మసీదు కట్టకముందే, మదరసా అన్న మాట పుట్టకముందే ఇళ్లు బడులయ్యాయి.

దీనికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. సుమయ్యా అనే బానిస కుటుంబపు స్త్రీని ఖురైష్ నాయకుడు అబూ జహల్ ఈటెతో పొడిచి చంపాడు. ఇస్లాం చరిత్రలో మొదటి అమరవీరురాలు ఆమె. ఖురైష్ పెద్దలు ప్రవక్త వంశాన్ని దాదాపు మూడేళ్లు వెలివేసి, తిండిగింజలు కూడా అమ్మనివ్వనప్పుడు ఖదీజా పుట్టింటి నీడను వదిలి భర్త వంశంతో కొండల మధ్య కరువు అనుభవించారు. వెలి ముగిశాక కొద్దికాలానికే, 619లో కన్నుమూశారు. ముస్లిం సంప్రదాయం ఆ ఏడాదిని దుఃఖ సంవత్సరం అంటుంది.

ఇక ఉమ్మె సలమా గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఎందుకంటే తొలి ఇస్లాం చరిత్రలోని పెద్ద మలుపులు చాలావాటిలో ఆమె ఉన్నారు, వాటిలో కొన్ని మనదాకా వచ్చింది కూడా ఆమె నోటివెంటే. 615లో వేధింపులు తాళలేక కొందరు ముస్లింలు ఎర్రసముద్రం దాటి అబిసీనియాకు, అంటే నేటి ఇథియోపియా ప్రాంతానికి వలసపోయారు. ఆ తొలి జట్టులో ప్రవక్త కూతురు రుఖయ్యా సహా నలుగురు స్త్రీలున్నారు. వీళ్లను తిరిగి అప్పగించాలని ఖురైష్ దూతలు కానుకలతో అక్కడి రాజు నజాషీ దగ్గరికి వెళ్లారు. ముస్లింల తరఫున జాఫర్ లేచి, మేం విగ్రహాలను పూజించేవాళ్లం, బలవంతుడు బలహీనుణ్ని మింగేవాడు అంటూ మొదలుపెట్టి కొత్త మతం ఏం నేర్పిందో చెప్పి, మర్యమ్ సూరా వినిపించారు. రాజు ఏడ్చాడు, అప్పగించనన్నాడు. ఇస్లాం తరఫున ఒక పరాయి రాజసభలో జరిగిన ఈ తొలి వాదనను వివరంగా మనకందించింది అప్పుడు అక్కడ శరణార్థిగా ఉన్న ఉమ్మె సలమాయే.

తర్వాత ఆమె, భర్త అబూ సలమా మక్కాకు తిరిగొచ్చి, ముస్లింలు వలసపోతున్న మదీనాకు బయలుదేరారు. ఆమె పుట్టింటివాళ్లు అడ్డుపడి, మా పిల్లను ఊళ్లు తిప్పనివ్వం అంటూ ఒంటె పగ్గం లాక్కున్నారు. భర్త వంశంవాళ్లకు కోపమొచ్చి, అయితే మా పిల్లాణ్ని మీ దగ్గర ఉంచం అన్నారు. అటూ ఇటూ లాగడంలో పసివాడి చేయి బెణికింది. భర్త మదీనాలో, కొడుకు భర్త వంశం దగ్గర, తను పుట్టింట్లో. ప్రతిరోజూ ఊరి బయట అబ్తహ్ అనే చోట కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చేదాన్నని ఆమే చెప్పుకున్నారు. దాదాపు ఏడాది అలా గడిచాక బంధువుల్లో ఒకరి మనసు కరిగింది. కొడుకును తిరిగి ఇచ్చారు. ఆమె ఇంకెవరికోసమూ చూడకుండా పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని ఒంటరిగా ఒంటె ఎక్కారు. దారిలో ఉస్మాన్ ఇబ్న్ తల్హా అనే మక్కా మనిషి కనబడి, అప్పటికి తను ముస్లిం కాకపోయినా, మదీనా శివార్లలోని ఖుబా దాకా మర్యాదగా దిగబెట్టి, నీ భర్త ఈ ఊళ్లోనే ఉన్నాడని చూపించి వెనుదిరిగారు. అంతటి మర్యాదస్తుణ్ని అరబ్బుల్లో చూడలేదని ఆమె తర్వాత చెప్పేవారు. భర్త మరణించాక ఆమెను ప్రవక్త వివాహమాడారు.

628లో మక్కావాళ్లతో కుదిరిన హుదైబియా ఒప్పందం నాటి సంగతి. ఉమ్రా, అంటే మక్కా చిన్న యాత్ర, చేయకుండానే వెనుదిరగాలన్న షరతుకు సహచరుల మనసులు మండిపోయాయి. ఇక్కడే బలులిచ్చి, తలలు గొరిగించుకోండని ప్రవక్త మూడుసార్లు చెప్పినా ఒక్కరూ లేవలేదు. ఆయన బాధతో గుడారంలోకి వెళ్లి ఉమ్మె సలమాతో చెప్పారు. మీరు బయటికెళ్లి ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకుండా మీ బలి మీరివ్వండి, మంగలిని పిలిచి తల గొరిగించుకోండి అన్నారామె. ఆయన అలాగే చేశారు. చూసినవాళ్లంతా లేచి, ఒకరి తల ఒకరు గొరుక్కోవడానికి పోటీపడ్డారు. ఆ ఒప్పందం తెచ్చిన శాంతికాలంలోనే ఇస్లాంలోకి వచ్చేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. ఆ క్షణంలో సహచరుల క్రమశిక్షణ చెదిరిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

మదీనాలో దారి మొదటినుంచీ కొంత తెరిచే ఉంది. 622లో మక్కా పక్కనున్న అఖబా దగ్గర రాత్రివేళ ప్రవక్తకు మాటిచ్చిన మదీనావాసుల్లో 73 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు ఉన్నారు. వాళ్లలో ఒకరు నుసైబా. ఉహుద్ యుద్ధంలో సైన్యం చెల్లాచెదురైనప్పుడు కత్తి పట్టి ప్రవక్తకు అడ్డుగా నిలబడి ఒళ్లంతా గాయాలు చేయించుకున్నది ఆమే. రుఫైదా మసీదు ఆవరణలో గుడారం వేసి క్షతగాత్రులకు వైద్యం చేశారు. ఈ సాహసాలను అందరూ చెబుతారు కాబట్టి ఇక్కడ ఇంతటితో ఆపవచ్చు. మతవ్యాప్తి దృష్టితో చూస్తే వీటికన్నా ఉమ్మె సులైమ్ పెళ్లి కథ ఎక్కువ విషయం చెబుతుంది.

ఉమ్మె సులైమ్ మదీనా స్త్రీ. భర్త ఒప్పుకోకపోయినా ఇస్లాం స్వీకరించి, చిన్నవాడైన కొడుకు అనస్‌కు విశ్వాస వాక్యం పలకడం నేర్పేవారు. నా కొడుకును చెడగొడుతున్నావని భర్త అంటే, చెడగొట్టడం లేదు అని జవాబిచ్చారు. ఆ భర్త ఇల్లు వదిలి వెళ్లి, ఎక్కడో హతుడయ్యాడు. తర్వాత అబూ తల్హా అనే కలిగినవాడు పెళ్లికి అడిగారు. నీలాంటివాణ్ని ఎవరూ కాదనరు, కానీ నువ్వు బహుదైవారాధకుడివి, నేను ముస్లింను, నువ్వు ఇస్లాం స్వీకరిస్తే అదే నా మహర్ (వరుడు వధువుకిచ్చే కానుక), ఇంకేమీ అడగను అన్నారామె. నువ్వు పూజించే విగ్రహాన్ని ఒక వడ్రంగి చెక్కాడు కదా అని కూడా నిలదీశారు. అబూ తల్హా ఆలోచించుకుని వచ్చి ఒప్పుకున్నారు. కొడుకు అనస్‌ను పదేళ్ల వయసులో ప్రవక్త సేవకు పంపారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక చెప్పిన హదీసులు రెండు వేలకు పైనే. ఉమ్మె సులైమ్ సోదరి ఉమ్మె హరామ్ సముద్రం దాటే తొలి ముస్లిం నౌకాదళంతో సైప్రస్ వెళ్లి, అక్కడ వాహనం మీద నుంచి పడి చనిపోయారు. లార్నకా ఉప్పు సరస్సు ఒడ్డున ఆమె సమాధి మందిరం నేటికీ యాత్రాస్థలం. ఒక్క ఇంటి స్త్రీల ప్రభావం ఎంతదూరం పోయిందో ఈ కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది.

స్త్రీ తన విశ్వాసాన్ని తానే నిర్ణయించుకోవచ్చా అన్న ప్రశ్న కూడా ఈ కాలంలోనే సూటిగా ఎదురైంది. మక్కా నుంచి పెద్దల అనుమతి లేకుండా మదీనా చేరినవాళ్లను తిప్పి పంపాలన్నది హుదైబియా ఒప్పందంలో ఒక షరతు. సంకెళ్లతో ఈడ్చుకుంటూ వచ్చిన అబూ జందల్‌ను కూడా ఆ షరతు ప్రకారం వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత ఉమ్మె కుల్సూమ్ బింత్ ఉఖ్బా మక్కా నుంచి పారిపోయి వచ్చారు. ఆమె తండ్రి ఉఖ్బా ప్రవక్తకు బద్ధశత్రువుగా ఉండి చనిపోయినవాడు. ఆమె సోదరులిద్దరు వెంటనే వచ్చి అప్పగించమన్నారు. శరణు కోరి వచ్చిన విశ్వాసినులను పరీక్షించండి, వాళ్లు నిజంగా విశ్వసించారని తెలిస్తే తిప్పి పంపకండి అనే ఖురాన్ 60వ సూరా 10వ వాక్యం ఈ సందర్భంలోనే దిగిందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఆమెను పంపలేదు. అడగాల్సింది ఆమెనే, ఆమె అన్నదమ్ములను కాదు అన్న సూత్రం అందులో ఉంది. ఏడో శతాబ్దపు అరేబియాలో ఇది చిన్న విషయం కాదు.

అదే సూరా 12వ వాక్యం స్త్రీల నుంచి వేరుగా ప్రమాణం తీసుకోమంటుంది. 630లో మక్కా స్వాధీనమయ్యాక ఆ ప్రమాణానికి వచ్చినవాళ్లలో ఖురైష్ నాయకుడు అబూ సుఫ్యాన్ భార్య హింద్ కూడా ఉన్నారు. అంతకాలం ముస్లింల మీదికి సైన్యాన్ని ఉసిగొల్పిన స్త్రీ ఆమె. ప్రమాణంలోని ఒక్కో మాటకూ ఎదురు ప్రశ్న వేశారని, భర్త పిసినారి కాబట్టి ఆయనకు చెప్పకుండా ఇంటి ఖర్చుకు డబ్బు తీసుకోవచ్చా అని కూడా అడిగారని కథనాలు చెబుతాయి. నీకూ పిల్లలకూ న్యాయంగా సరిపడేంత తీసుకోవచ్చని ప్రవక్త జవాబు. ఇది తర్వాత భార్య పోషణ హక్కుకు న్యాయశాస్త్రంలో ఆధారమైంది. అదే రోజుల్లో అబూ జహల్ కొడుకు ఇక్రమా ప్రాణభయంతో యెమెన్ వైపు పారిపోతే, అప్పటికే ముస్లిం అయిన ఆయన భార్య ఉమ్మె హకీమ్ ప్రవక్త దగ్గర అభయం తీసుకుని, సముద్రతీరం దాకా వెతుక్కుంటూ వెళ్లి వెనక్కి తెచ్చారు. ఇక్రమా ఇస్లాం స్వీకరించి షామ్ యుద్ధాల్లో ఆ మతం కోసమే ప్రాణమిచ్చారు. సుమయ్యాను చంపిన ఇంటిని ఇస్లాంలోకి తెచ్చింది ఆ ఇంటి కోడలే.

మతం నిలవాలంటే దాన్ని నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు ఉండాలి. ఇక్కడ స్త్రీలు ఎవరైనా పిలుస్తారని ఎదురుచూడలేదు. మీ దగ్గర మగవాళ్లే ముందుంటున్నారు, మాకూ ఒక రోజు కేటాయించండి అని ప్రవక్తను అడిగి తీసుకున్నారు. ఖురాన్‌లో మగవాళ్ల ప్రస్తావనే వస్తోంది, మా మాట ఏమిటి అని ఉమ్మె సలమా అడిగారు. విశ్వసించిన పురుషులు, విశ్వసించిన స్త్రీలు అంటూ ఇద్దరినీ జంటగా పదేపదే పేర్కొనే 33వ సూరా 35వ వాక్యం ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చిందని సంప్రదాయం. అన్సార్, అంటే మదీనా ముస్లిం స్త్రీల గురించి ప్రవక్త భార్య ఆయిషా అన్న మాట ఇంకా బాగుంటుంది. అన్సార్ స్త్రీలు ఎంత మంచివాళ్లు, మతం నేర్చుకోవడానికి సిగ్గు వాళ్లకు అడ్డం రాలేదు అన్నారామె.

ఆయిషా ప్రవక్త తర్వాత నలభై ఏళ్లకు పైగా జీవించి 678లో చనిపోయారు. మసీదుకు ఆనుకుని ఉన్న ఆమె గది మదీనాలో పెద్ద విద్యాకేంద్రం. ఆమె పేర ఉన్న హదీసులు 2,210. అంకె కన్నా ఆమె పద్ధతి ముఖ్యం. ఎవరైనా ప్రవక్త మాట అని పొరపాటుగా చెబితే దిద్దేవారు. నమాజు చేసేవాడి ముందునుంచి కుక్క, గాడిద, స్త్రీ వెళ్తే నమాజు చెడుతుందని కొందరు చెప్పినప్పుడు, మమ్మల్ని కుక్కలతో, గాడిదలతో సమానం చేశారా అని మండిపడ్డారు. ప్రవక్త నమాజు చేస్తుంటే తను ఆయన ముందే పడుకుని ఉండేదాన్నని గుర్తుచేశారు. ఉమర్ కూతురు హఫ్సా దగ్గర ఖురాన్ రాతప్రతి భద్రంగా ఉండేది. మూడో ఖలీఫా ఉస్మాన్ ఖురాన్ ప్రామాణిక ప్రతులు తయారు చేయించి ఊళ్లకు పంపినప్పుడు ఆ ప్రతినే అడిగి తెప్పించుకున్నారు. ఆయిషా శిష్యురాలు అమ్రా దగ్గరున్న హదీసులను రాయించి పెట్టమని ఎనిమిదో శతాబ్దపు మొదట్లో ఖలీఫా ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్ ఆదేశించారు.

ఇవన్నీ తర్వాతి తరాలు భక్తితో అల్లిన కథలే అని అనుమానించేవాళ్లు ఉన్నారు. ఆ గ్రంథాలు చాలావరకు సంఘటనలు జరిగిన వందేళ్ల తర్వాతే రూపుదిద్దుకున్నాయన్నది నిజం. అయితే వాటిని రాసినవాళ్లు మగవాళ్లు, వాళ్ల కాలానికి స్త్రీల చోటు అప్పటికే కుంచించుకుపోయింది. పెద్ద సహచరులను ఒక స్త్రీ గద్దించినట్టు, రేపటి ఖలీఫా చెల్లెలి మీద చేయి చేసుకున్నట్టు వాళ్లు పనిగట్టుకుని కల్పించి రాయాల్సిన అవసరం కనిపించదు. తొమ్మిదో శతాబ్దంలో ఇబ్న్ సాద్ తన జీవిత చరిత్రల సంపుటాల్లో చివరిదాన్ని పూర్తిగా స్త్రీలకే ఇచ్చారు, అందులో 600 మందికి పైగా ఉన్నారు.

స్త్రీల చోటు కుంచించుకుపోవడం కూడా చాలా త్వరగానే మొదలైంది. దేవుని దాసీలను మసీదులకు రాకుండా ఆపకండి అన్న ప్రవక్త మాటను ఉమర్ కొడుకు అబ్దుల్లా చెబుతుంటే, ఆయన సొంత కొడుకే, మేం ఆపుతాం అన్నాడు. నేను ప్రవక్త మాట చెబుతుంటే నువ్వు ఇలా అంటావా అని తండ్రి తీవ్రంగా తిట్టారు. తిట్టయితే పడింది, కానీ చాలాచోట్ల గెలిచింది ఆ కొడుకు మాటే. 656లో ముస్లింల మధ్యే జరిగిన ఒంటె యుద్ధంలో ఆయిషా పక్షం ఓడిపోవడాన్ని స్త్రీలు రాజకీయాల్లోకి రాకూడదనడానికి సాకుగా వాడుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు.

అయినా గొంతు ఆగలేదు. 680లో ప్రవక్త మనవడు హుసైన్ హతుడైన కర్బలా యుద్ధం తర్వాత బందీగా కూఫాకు, అక్కడి నుంచి దమాస్కస్‌లో ఖలీఫా యజీద్ సభకు తెచ్చిన ప్రవక్త మనవరాలు జైనబ్ నిండు సభలో నిలదీసి మాట్లాడారు. కర్బలా జ్ఞాపకం బతికి బట్టకట్టిందంటే ఆ ప్రసంగాలకు అందులో పెద్ద వాటా ఉంది. ఆ జ్ఞాపకమే ఎన్నో మలుపులు తిరిగి మన తెలుగు ఊళ్లలో హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పీర్ల పండుగ దాకా వచ్చింది. హైదరాబాద్‌లో మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి ఏనుగు మీద ఊరేగే బీబీ కా అలం అనే పవిత్ర చిహ్నం కూడా ప్రవక్త కూతురు ఫాతిమా పేరిటే.

పద్నాలుగో శతాబ్దపు హదీసు విమర్శకుడు జహబీ, అబద్ధపు హదీసులు చెప్పారన్న ఆరోపణ ఉన్న స్త్రీ ఒక్కరూ తనకు తెలియదని రాశారు. మగ కథకుల్లో అలాంటివాళ్ల జాబితా ఎంత పొడవో ఆయనకు బాగా తెలుసు, ఆ జాబితా వేసింది ఆయనే. ఆయన కన్నా దాదాపు మూడు వందల ఏళ్ల ముందు, ఖదీజా బతికిన మక్కాలోనే కరీమా అల్ మర్వజియ్యా బుఖారీ హదీసు సంకలనాన్ని బోధించేవారు. బాగ్దాద్ నుంచి కూడా పండితులు వచ్చి ఆమె ముందు కూర్చుని నేర్చుకున్నారు. శిష్యులు రాసుకున్న ప్రతిని తన ప్రతితో అక్షరం అక్షరం సరిచూసేవారామె.